వీడియో గేమ్ ప్రోగ్రామింగ్: వృత్తి ప్రవేశం

వీడియో గేమ్‌లో కనిపించే బొమ్మలు ఆర్టిస్టులు గీస్తారు, ఆట నియమాలు డిజైనర్లు ఆలోచిస్తారు. ఆ బొమ్మలు కదలడానికి, ఆ నియమాలు అమలు కావడానికి కావలసిన కోడ్ రాసేది గేమ్ ప్రోగ్రామర్. ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు సాధారణంగా ఏ డిగ్రీ చదవాలి, ఏ భాష నేర్చుకోవాలి, ఏ సంస్థలో శిక్షణ తీసుకోవాలి అని అడుగుతారు. అవి అవసరమైన ప్రశ్నలే గానీ మొదటి ప్రశ్నలు కావు. ఈ రంగం అరవై ఏళ్ల చరిత్రను పరిశీలిస్తే, లోపలికి వచ్చినవాళ్లలో ఎందరో ఉద్యోగం దొరకకముందే ఇతరులు రాసిన గేమ్‌ను విప్పి మార్చినవాళ్లు, లేదా ఎంత చిన్నదైనా ఒక గేమ్‌ను చివరిదాకా తయారుచేసినవాళ్లు. పూర్తయిన గేమ్, అందులోని ప్రతి భాగం ఎందుకు అలా ఉందో చెప్పగలిగే అవగాహన, ఈ రెండూ కలిసి తొలి ఉద్యోగానికి అసలు అర్హత అవుతున్నాయి. డిగ్రీ, భాష, ఇంజన్ (గేమ్‌ను నడిపే పునాది సాఫ్ట్‌వేర్) ఆ అర్హత సంపాదించడానికి సాయపడతాయి తప్ప దాని స్థానంలో నిలబడవు.

ఈ ధోరణి తొలి రోజుల నుంచీ ఉంది. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్ మీద ‘స్పేస్‌వార్’ తయారుచేశారు. రస్సెల్ రాసిన తొలి రూపంలో వెనక కనిపించే నక్షత్రాలు ఇష్టమొచ్చినట్టు చల్లిన చుక్కలు. అది నచ్చని పీటర్ సామ్సన్ అసలైన నక్షత్ర పటాన్ని చూపించే కోడ్ రాసి అందులో చేర్చాడు. డాన్ ఎడ్వర్డ్స్ నడుమ ఉన్న సూర్యుడి గురుత్వాకర్షణను లెక్కకట్టే భాగం కలిపాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఇదే పద్ధతి ఒక పరిశ్రమకు నియామక మార్గంగా మారింది. 1993లో ఐడీ సాఫ్ట్‌వేర్ ‘డూమ్’ విడుదల చేసినప్పుడు ఆ సంస్థ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఇంజన్ కోడ్‌ను ఒక వైపు, మ్యాపులూ బొమ్మలూ శబ్దాలూ ఉన్న డేటాను మరో వైపు విడదీసి పెట్టాడు. బయటివాళ్లు ఇంజన్ జోలికి పోకుండానే కొత్త మ్యాపులు చేసుకోగలిగారు. 1996 నాటి ‘క్వేక్’ మరో అడుగు వేసి, క్వేక్‌సీ అనే చిన్న భాషతో ఆట నియమాలనే తిరగరాసుకోనిచ్చింది. 1997 డిసెంబరులో డూమ్ సోర్స్ కోడ్ కూడా అందరికీ అందింది. ఇలా ఒక తరం యువకులకు ప్రపంచంలోని మేటి ప్రోగ్రామర్ల కోడ్ పాఠ్యపుస్తకమై కూర్చుంది.

దాని ఫలితం వాల్వ్ అనే గేమ్ సంస్థ నియామకాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. యాన్ బెర్నియర్ అట్లాంటాలో న్యాయవాద వృత్తిలో ఉన్న మనిషి. తీరిక వేళల్లో క్వేక్ మ్యాపులు తయారుచేసే ఎడిటర్ ఒకటి రాశాడు. అది క్వేక్ అభిమానుల్లో బాగా వాడుకలోకి వచ్చింది, ఆయన వాల్వ్‌లో చేరాడు. ఇంటర్నెట్‌లో కలిసి ఆడేవాళ్ల మధ్య వచ్చే ఆలస్యాన్ని సర్దడం గురించి 2001లో ఆయన రాసిన పత్రాన్ని నెట్‌వర్క్ ప్రోగ్రామర్లు ఈనాటికీ చదువుతారు. క్వేక్ ఇంజన్‌ను మార్చి వాల్వ్ 1998లో ‘హాఫ్-లైఫ్’ తెచ్చింది. ఆ హాఫ్-లైఫ్‌ను మార్చి మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు విద్యార్థులు 1999లో ‘కౌంటర్-స్ట్రైక్’ చేశారు. మరుసటి ఏడాదే వాల్వ్ దాని హక్కులు కొని వాళ్లను తీసుకుంది. 2005లో డిజిపెన్ అనే కళాశాల విద్యార్థులు చదువులో భాగంగా ‘నార్బాక్యులర్ డ్రాప్’ అనే చిన్న గేమ్ చేసి చూపిస్తే, వాల్వ్ ఆ బృందం మొత్తానికి ఉద్యోగాలిచ్చింది. వాళ్ల ఆలోచనే 2007లో ‘పోర్టల్’గా వచ్చింది. న్యాయవాది, విశ్వవిద్యాలయ విద్యార్థులు, గేమ్ కళాశాల విద్యార్థులు: వీళ్ల చదువులు ఒకటి కావు, ఊళ్లు ఒకటి కావు. ఆడించి చూపించగల పని ఒకటి చేతిలో ఉండటమే వాళ్లందరికీ ఉమ్మడి విషయం.

దీనికి కారణం ఆ పని స్వభావంలోనే ఉంది. తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. 120 సార్లు మారే ఫోన్లలో అది 8.3కి పడిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో ఆటగాడు నొక్కిన బటన్ చదవాలి, ప్రతి వస్తువునూ జరపాలి, ఏది దేనికి తగిలిందో చూడాలి, శత్రువులు ఏం చేయాలో తేల్చాలి, అంతా గీయాలి. బ్యాంకు యాప్‌లో జవాబు అర సెకను ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు. గేమ్‌లో అందులో పదో వంతు ఆలస్యమైనా కంటికి తెలిసిపోతుంది. ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. బంతి సెకనుకు 1,800 పిక్సెళ్ల వేగంతో పోతోంది, ఎదురుగా 10 పిక్సెళ్ల మందం గల గోడ ఉంది. సెకనుకు 60 ఫ్రేములైతే బంతి ఒక్కో ఫ్రేమ్‌లో 30 పిక్సెళ్లు ముందుకు పోతుంది. ఈ ఫ్రేమ్‌లో గోడకు ఇవతల, తర్వాతి ఫ్రేమ్‌లో అవతల ఉండవచ్చు. అప్పుడు గోడకు తగిలిన క్షణం అసలు రాదు. నెమ్మది ఫోన్‌లో 30 ఫ్రేములే వస్తే అంగ 60 పిక్సెళ్లవుతుంది, తప్పు ఇంకా ఎక్కువగా బయటపడుతుంది. దీన్ని సరిదిద్దాలంటే భౌతిక లెక్కలను తెర వేగంతో ముడిపెట్టకుండా చిన్నదైన, స్థిరమైన కాలవ్యవధితో నడపాలి, లేదా బంతి ఉన్న చోటును కాక అది నడిచిన గీత మొత్తాన్ని గోడతో సరిచూడాలి. చదివితే ఐదు నిమిషాల్లో అర్థమయ్యే విషయమిది. అయితే తన గేమ్‌లో బంతి మాయమై, కారణం తెలియక వెతికి పట్టుకున్నవాళ్లు ఇంటర్వ్యూలో చెప్పే జవాబు వేరుగా ఉంటుంది. ఎదుట కూర్చున్న సీనియర్‌కు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

గణితం సంగతీ అంతే. తెలుగు రాష్ట్రాల్లో ఎంపీసీ చదివిన ప్రతి విద్యార్థీ ఇంటర్‌లోనే మాత్రికలు, సదిశలు, సదిశల లబ్ధాలు చేసి ఉంటాడు. త్రీడీ గేమ్‌లకు రోజూ పనికొచ్చే గణితంలో పెద్ద భాగం ఇదే. కాపలా సైనికుడు చూస్తున్న దిశ ఒక సదిశ, అతడి నుంచి ఆటగాడి వరకు గీసిన గీత మరొకటి. రెండింటి డాట్ ప్రొడక్ట్ ధనాత్మకమైతే ఆటగాడు ముందున్నట్టు, రుణాత్మకమైతే వెనకున్నట్టు. రెండు సదిశల పొడవునూ ఒకటికి కుదిస్తే, వచ్చిన విలువ కోణం కొసైన్ అవుతుంది. దాన్ని 0.5తో పోలిస్తే సైనికుడి చూపు ఇరువైపులా 60 డిగ్రీల మేర ఉన్నట్టు లెక్క. పరీక్షలో నాలుగు మార్కుల కోసం చేసిన లెక్క ఇక్కడ ఒక శత్రువుకు కళ్లవుతుంది. మన విద్యార్థులకు గణితం రాదనడం సరికాదు. వచ్చిన గణితాన్ని ఎక్కడ వాడాలో చూపించేవాళ్లే తక్కువ. ఆ లోటును ఒక చిన్న గేమ్ తీర్చినంత బాగా మరో పాఠ్యపుస్తకం తీర్చలేదు.

అయితే ఎంత గేమ్ చేయాలి? కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వేలమంది ఆటగాళ్లు ఒకేసారి తిరిగే ప్రపంచం కట్టాలని మొదలుపెట్టి, ఆరు నెలలకు మెనూ తెర దగ్గరే ఆగిపోతారు. దీనికి విరుగుడు గేమ్ జామ్‌లు. 2002లో మొదలైన ‘లుడం డేర్’, 2009 నుంచి జరుగుతున్న ‘గ్లోబల్ గేమ్ జామ్’ వంటి వాటిలో సాధారణంగా రెండు మూడు రోజుల్లోనే ఒక గేమ్ పూర్తిచేయాలి. గడువు చిన్నది కాబట్టి ఊహ చిన్నదవుతుంది, గేమ్ పూర్తవుతుంది. 2015లో మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ పికో-8 అనే చిన్న ఊహాత్మక కన్సోల్ మీద నాలుగు రోజుల్లో చేసిన గేమ్‌కు విస్తృత రూపమే 2018లో వచ్చిన ‘సెలెస్ట్’. దాని కథానాయికను నడిపించే కోడ్‌ను వాళ్లు బహిరంగంగా పెట్టారు. నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి కానుక అరుదు. 5 వేల వరుసలు దాటిన ఆ ఒక్క ఫైలులో, అంచు దాటి గాలిలోకి జారిన తర్వాత కూడా సెకనులో పదో వంతు వరకు ఎగరడానికి అనుమతించే స్థిరాంకం ఉంది. పైకి ఎగిరేటప్పుడు తల మూలకు నాలుగు పిక్సెళ్ల మేర తగిలితే ఆమెను మెల్లగా పక్కకు జరిపే భాగమూ ఉంది. ఆటగాడు ఇవేవీ గమనించడు. గేమ్ తన మాట వింటోందని మాత్రం అనుకుంటాడు. అంత పెద్ద ఫైలును ముక్కలుగా విడగొట్టాలని కళాశాలలో చెబుతారు. ఆ రచయితలు మాత్రం నడక, ఎగరడం, పట్టుకోవడం ఒకదానితో ఒకటి పెనవేసుకున్నప్పుడు ఒకేచోట ఉండటమే మేలని వాదించారు. ఈ వాదనతో ఏకీభవించినా, విభేదించినా, కారణంతో చెప్పగలిగితే విద్యార్థి ప్రోగ్రామర్‌గా ఆలోచించడం మొదలుపెట్టినట్టే.

ఇంజన్లు అందరికీ దొరుకుతున్న కాలంలో ఇంత లోతుగా తెలుసుకోవడం దేనికన్న అభ్యంతరం ఒకటుంది. నిజమే, 2005లో వచ్చిన యూనిటీ, 1998 నుంచి ఉన్న అన్‌రియల్, 2014లో ఓపెన్ సోర్స్ అయిన గోడో చాలా పని తగ్గించాయి. 2015 నుంచి అన్‌రియల్‌ను ముందుగా డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు. ఒకప్పుడు ఏడాది పట్టిన పునాది ఇప్పుడు ఒక పూటలో సిద్ధం. అందుకే మొదటి గేమ్‌ను ఇంజన్‌లోనే చేయాలి, సొంత ఇంజన్ కట్టుకుంటూ కూర్చోకూడదు. కానీ ఇంజన్ దాచినది ఎప్పుడో ఒకప్పుడు బయటికొస్తుంది. యూనిటీలో సీ షార్ప్ కోడ్ ప్రతి ఫ్రేమ్‌లోనూ కొత్త వస్తువులు సృష్టించి వదిలేస్తుంటే, వాడని మెమరీని ఏరివేసే గార్బేజ్ కలెక్టర్ ఉన్నట్టుండి పనిలోకి దిగి ఆటను కుదుపుతుంది. తుపాకీ గుండ్లను కొత్తగా పుట్టించకుండా ముందే కొన్ని చేసి పెట్టుకుని మళ్లీమళ్లీ వాడటమే దీనికి మందు. ఏ కోడ్‌కు ఎంత సమయం పడుతోందో కొలిచే ప్రొఫైలర్ తెరిచి ఈ కుదుపు ఎక్కడిదో చూపించగలవాళ్లకూ, ఇంజన్ నెమ్మదిగా ఉందని ఊరుకునేవాళ్లకూ జీతంలో తేడా ఉంటుంది. పైగా ఒకే సంస్థ ఇంజన్ మీద జీవితం మొత్తం ఆధారపడటం ప్రమాదమని 2023 సెప్టెంబరులో తెలిసొచ్చింది. నిర్ణీత పరిమితి దాటిన గేమ్ ఇన్‌స్టాల్ అయినప్పుడల్లా రుసుము వసూలు చేస్తామని యూనిటీ ప్రకటించడంతో డెవలపర్లు భగ్గుమన్నారు. ఏడాది తర్వాత సంస్థ ఆ రుసుమును ఎత్తేసింది. ఈలోగా చాలామంది గోడో వైపు చూశారు. మూలసూత్రాలు తెలిసినవాళ్లకు ఆ మార్పు కొన్ని వారాల పని.

కోడ్‌ను కృత్రిమ మేధే రాస్తున్నప్పుడు కొత్తవాళ్లకు చోటెక్కడన్నది ఈ అభ్యంతరానికే కొత్త రూపం. ఆ పరికరాలు మెనూలు, స్కోరు పట్టికలు, మామూలు కదలికల కోడ్ చకచకా రాసిపెడతాయన్నది కాదనలేం. ఒకప్పుడు ఫ్రెషర్ల చేతికిచ్చే పని అదే కాబట్టి భయానికి ఆధారం ఉంది. కానీ ఎగరడం బరువుగా ఉందా, తేలికగా ఉందా అన్నది కోడ్ చదివితే తెలియదు, ఆడి చూస్తేనే తెలుస్తుంది. కోడ్ పుట్టించడం తేలికైన కొద్దీ అది ఎందుకు సరిగ్గా నడవడం లేదో కనిపెట్టగలవాళ్ల అవసరం పెరుగుతుంది. తన గేమ్ కోడ్‌లో ఏ వరుస ఎందుకుందో చెప్పలేని అభ్యర్థి పాత రోజుల్లో కోడ్‌ను ఎక్కడి నుంచో తెచ్చి అతికించినా, ఇప్పుడు యంత్రంతో రాయించినా ఇంటర్వ్యూలో ఒకేలా తేలిపోతాడు.

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ వేరే ఉంది. కార్మాక్, మిన్ లే వంటి వారి పేర్లు చెప్పడం గెలిచినవాళ్లను మాత్రమే లెక్కపెట్టడం అవుతుంది, గేమ్ చేసి కూడా ఉద్యోగం రాని వేలమంది చరిత్రకెక్కరు అని. ఇది న్యాయమైన మాట. గేమ్ పూర్తిచేసినవాళ్లందరికీ ఉద్యోగం వస్తుందని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఆ పని లేకుండా వచ్చే అవకాశం మరీ తక్కువని మాత్రమే చెబుతోంది. డిగ్రీని కూడా తీసిపారేయడానికి లేదు. మన దగ్గర పెద్ద సంస్థలు దరఖాస్తుల తొలి వడపోత డిగ్రీతోనే చేస్తాయి. అమెరికాలో హెచ్1బీ వీసాకు కనీసం బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత చూపాలి. కాబట్టి మాస్టర్స్ కోసం వెళ్లి అక్కడి స్టూడియోల్లో చేరాలనుకునే తెలుగు విద్యార్థులకు అది తప్పనిసరి. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ క్రమంగా నేర్చుకోవడానికీ మామూలు కంప్యూటర్ సైన్స్ డిగ్రీయే మంచి చోటు. గేమ్‌ల పేరు పెట్టుకున్న ఖరీదైన డిప్లొమా కంటే, ఆ డిగ్రీతో పాటు నాలుగేళ్లలో నాలుగు చిన్న గేమ్‌లు పూర్తిచేయడం క్షేమం. గేమ్ రంగంలో చోటు దొరక్కపోతే మిగతా సాఫ్ట్‌వేర్ తలుపులు తెరిచే ఉంటాయి. సొంతంగా చేసి నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని ఎరిక్ బెరోన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా చేసి 2016లో విడుదల చేశాడు. ఆయనదీ కంప్యూటర్ సైన్స్ డిగ్రీయే. ఆ కాలమంతా చిన్న ఉద్యోగంతో, తోడుగా ఉన్న మనిషి సంపాదనతో ఇల్లు గడిచింది. ఆ దన్ను లేని కుటుంబంలోని పిల్లలకు అదే బాట చూపించడం అన్యాయం.

పనిలో విభాగాలు చాలా ఉన్నాయి. ఆటగాడి కదలికలు, ఆయుధాలు చూసే గేమ్‌ప్లే ప్రోగ్రామర్, కాంతి నీడలు చూసే గ్రాఫిక్స్ ప్రోగ్రామర్, సర్వర్లు చూసే నెట్‌వర్క్ ప్రోగ్రామర్, ఆర్టిస్టులకు, డిజైనర్లకు ఎడిటర్లు రాసిచ్చే టూల్స్ ప్రోగ్రామర్. పెద్ద కన్సోల్ గేమ్‌లలో సీ ప్లస్ ప్లస్, మొబైల్ గేమ్‌లలో ఎక్కువగా సీ షార్ప్ నడుస్తాయి. అందరి కళ్లూ గేమ్‌ప్లే మీద ఉండటం వల్ల టూల్స్ వైపు పోటీ తక్కువ. బెర్నియర్ వచ్చింది ఆ దారిలోనే.

ఈ వృత్తి కష్టాలను దాచడం కొత్తవాళ్లకు ద్రోహం. 2004లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఉద్యోగి జీవిత భాగస్వామి పేరు చెప్పకుండా రాసిన బహిరంగ లేఖ, విడుదలకు ముందు నెలల తరబడి సాగే అదనపు గంటల పనిని లోకానికి చూపింది. ఓవర్‌టైమ్ కోసం ప్రోగ్రామర్లు వేసిన దావాను ఆ సంస్థ 2006లో 1.49 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది. ఈ అలవాటు చాలా చోట్ల తగ్గినా పూర్తిగా పోలేదు. 2023, 2024లలో ప్రపంచమంతటా వేలమంది ఉద్యోగాలు పోయాయి. యాక్టివిజన్ బ్లిజర్డ్‌ను కొన్న కొద్ది నెలలకే, 2024 జనవరిలో, మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తొలగించింది. అనుభవజ్ఞులే వెతుక్కుంటున్నప్పుడు ఫ్రెషర్‌కు పోటీ ఎంత ఉంటుందో ఊహించవచ్చు. దీనికి పూర్తి సమాధానం లేదు. ఇక్కడ నేర్చిన నైపుణ్యం ఇక్కడే చిక్కుకుపోదన్నది మాత్రం నిజం. కార్ల తయారీ, భవన రూపకల్పన, సినిమాల వర్చువల్ ప్రొడక్షన్, శిక్షణ సిమ్యులేటర్లు అవే ఇంజన్లను వాడుతున్నాయి.

తెలుగు నేల మీద ఈ రంగానికి కేంద్రం హైదరాబాద్. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు ఇక్కడ పెద్ద స్టూడియో ఉంది. క్రికెట్ మొబైల్ గేమ్ చేసే హిట్‌వికెట్ ఇక్కడిదే. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లో ‘ఇమేజ్’ విధానం ప్రకటించింది. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ కొన్నేళ్లు వరుసగా హైదరాబాద్‌లో జరిగింది. అలాంటి చోట తన గేమ్‌ను ఫోన్‌లో పెట్టుకుని తిరిగే విద్యార్థికి, బయోడేటా పట్టుకు తిరిగేవాళ్లకు దొరకని సంభాషణలు దొరుకుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన దగ్గర చాలాకాలం ‘గేమింగ్ కంపెనీ’ పేరుతో వచ్చిన ఉద్యోగ ప్రకటనల్లో రమ్మీ, పోకర్ వంటి డబ్బు ఆటల సంస్థలూ కలిసి ఉండేవి. ఆ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌నూ వినోద గేమ్‌లనూ వేరుగా గుర్తించింది. కాబట్టి ఉద్యోగానికి దరఖాస్తు చేసేముందు ఆ సంస్థ గేమ్ ఆడి, దానికి డబ్బు ఎటు నుంచి వస్తోందో చూసుకోవాలి. ఇక మిగిలిన మొబైల్ స్టూడియోలు కోరేది ఏమిటంటే, తక్కువ మెమరీ ఉన్న చౌక ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా గేమ్ కుదుపు లేకుండా నడవడం. అందుకే పోర్ట్‌ఫోలియోలో పది గేమ్‌ల వీడియోల కంటే, పాత ఫోన్‌లో ఆడించగలిగే ఒక్క గేమ్, దాని కోడ్, అది మొదట ఫ్రేమ్‌కు ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుందో, ఏ మార్పు వల్ల ఎంతకు తగ్గిందో చెప్పే ఒక పేజీ వివరణ ఎక్కువ పనిచేస్తాయి.